నాలుగో గుంట అడుగున

జనవరి 3

వచ్చింది. అలార్డ్ స్మారక నిధి వాళ్ళ ఉత్తరం. నేను మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించాను. కోమ్ దీబ్ దిబ్బ మీద పాత నాలుగో గుంటని మళ్ళీ తెరవడానికి ఈ చలికాలం ఖర్చంతా ఇస్తారు. మధ్యలో ఒక నివేదిక పంపాలి. అది వాళ్ళకి నచ్చితే రెండో విడత. అంటే నా ఎమ్మే పూర్తయ్యేదాకా చదువుకోవచ్చు.

నానమ్మ దొడ్లోకి పరిగెత్తి, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూసే జగరూత వీధంతా వినబడేలా కూసింది. పక్కింటి ఉమ్ము హుసేబా గోడ మీంచి తల పెట్టింది.

"పెళ్ళెవరికే ఫహీమా?"

"పెళ్ళి కాదు, గుంట!"

"గుంటకి జగరూతలేమిటే, నీ మొహం!"

తాత మాత్రం టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "ఎవరి పేరు మీద అన్నావ్?"

"డాక్టర్ అలార్డ్."

"మన అలార్డేనా?"

"మీ అలార్డే. పోయి నాలుగేళ్ళయింది. ఆయన కూతురు పెట్టింది ఈ నిధి. ఆయన తవ్విన చోట్ల తవ్వే మన దేశపు పిల్లల కోసం."

తాత గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మంచి మనిషి," అన్నాడు. "ఇసుకకీ ఇటుకకీ తేడా తెలిసేది కాదు గానీ."

జనవరి 5

దరఖాస్తు నకలు మళ్ళీ చూసుకున్నాను. అందులో ఒక ప్రశ్న: "రెండు మీటర్ల పది సెంటీమీటర్ల దగ్గర కన్నెనేల తగిలింది, ఇక మనిషి జాడ లేదు అని పాత నివేదిక చెబుతోంది. కింద ఇంకా ఉందని మీరెలా అనుకుంటున్నారు?"

నా జవాబు: "పాత ఛాయాచిత్రంలో గుంట అడుగున ఇసుక రంగులో తేడా కనిపిస్తోంది."

కనిపిస్తుంది. చాలాసేపు చూస్తే కనిపిస్తుంది.

జనవరి 9, శనివారం

మొదలుపెట్టాం. తెల్లారకముందే నాన్న తన మైక్రోబస్సులో దింపాడు. దిగేటప్పుడు, "జాగ్రత్త, పాములుంటాయి" అన్నాడు. నలభై రెండేళ్ళొచ్చాయి, ఒక్క రోజు కూడా గుంటలోకి దిగలేదు ఆయన. మా ఊరు కుఫ్త్‌లో పుట్టి తవ్వకం తెలియని మగవాడు బహుశా మా నాన్న ఒక్కడే.

మా పెద్దతాత మనవడు ఖిదర్ ఇప్పుడు రయ్యిస్. పన్నెండుమంది మీద పెద్ద. పాత గుంట అంచులు అరగంటలో పట్టేశాడు. పూడిక మట్టి వదులుగా ఉంటుందిట, చెప్పులున్న కాలికి కూడా తెలుస్తుందిట. నేను చెప్పులు విప్పి నడిచి చూశాను. నాకేం తెలియలేదు.

"విశ్వవిద్యాలయంలో కాళ్ళకి పాఠాలు చెప్పరా ప్రొఫెసరమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డాక్టర్ ఇన్సాఫ్ నవ్వలేదు. ఆవిడ నా గురువు, ఈ తవ్వకానికి అధికారి, చాలా తక్కువ నవ్వుతారు. "కొలత తాడు ఎక్కడ?" అన్నారు.

జనవరి 12

డెబ్భై సెంటీమీటర్లు. అంతా పూడికే. ఒక సిగరెట్ పెట్టె, సగం చెప్పు.

జనవరి 15, శుక్రవారం

సెలవు. నానమ్మ ఎండరొట్టెకి పిండి పిసికి, ముద్దల్ని గుండ్రటి మట్టిపళ్ళేల మీద వరసగా పెట్టి, పొంగడానికి మేడ మీద ఎండలో ఉంచింది. నన్ను పిట్టలు తోలమని కూర్చోబెట్టింది. తాత కూడా ఎక్కాడు, మోకాళ్ళు పట్టుకుంటూ.

పోయిన రంజాన్‌లో చెప్పినదాన్ని మళ్ళీ చెప్పమన్నాను.

"ఎందుకు మళ్ళీ?"

"లోతు సరిగ్గా రాసుకోవాలి."

అబద్ధం. లోతు నాకు తెలుసు. ఒకసారి చెప్పినదాన్ని మనిషి రెండోసారి ఇంకోలా చెబుతాడేమోనని ఆశ.

అలాగే చెప్పాడు. 1967, మార్చి నెల. రెండు మీటర్లు దిగాక పసుప్పచ్చ ఇసుక వచ్చింది. శుభ్రంగా, పెంకు ముక్క కూడా లేకుండా. అది గాలి తెచ్చి పోసిన ఇసుక. కన్నెనేల ఇసుకలాగే ఉంటుంది, చూసినవాడెవడైనా మోసపోతాడు. తాత మోసపోలేదు. గుద్దలి వెనక్కి తిప్పి కొట్టి విన్నాడు. జానెడు కింద ఖణ్‌మంది. అదే సమయానికి ఊళ్ళోంచి గాడిద మీద ఒకడొచ్చి, తాత చెవిలో చెప్పాడు: ఫహీమాకి నొప్పులు మొదలై రెండు రోజులు, బిడ్డ అడ్డం తిరిగింది, రక్తం పోతోంది. అంతకుముందే ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు.

"సెలవు అడగాల్సింది కదా," అన్నాను. పోయినసారి కూడా ఇదే అన్నాను.

"తెరిచిన గుంట వదిలి రయ్యిస్ పోడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, రయ్యిస్ అయి మూడు నెలలు. వదిలిపోతే నా రయ్యిస్ కర్ర పక్కవాడి చేతికి పోతుంది, మళ్ళీ రాదు. గుంట మూస్తేనే పోవాలి."

"అందుకని..."

"అందుకని గుంట మూశాను. 'ఖవాగా, కన్నెనేల వచ్చేసింది' అన్నాను దొరతో. అలార్డ్ దిగి చూశాడు. సరే అన్నాడు. ఆ యేటి నాణెం ఒకటి అడుగున పెట్టాను. తర్వాత తవ్వేవాడికి మనం ఇక్కడిదాకా వచ్చామని తెలియాలిగా. కూలీలకి పూడ్చమని చెప్పి, గాడిద ఎక్కాను. వచ్చే చలికాలం ఎలాగో తెరిపించి, సరి చేద్దామనుకున్నా."

ఆ జూన్‌లో యుద్ధం వచ్చింది. ఆ తర్వాతి చలికాలం ఖవాగాలెవరూ రాలేదు. అలార్డ్ మరి ఎన్నడూ రాలేదు.

ఆ పుట్టినవాడు మా నాన్న.

ఒక పిట్ట ముద్దని పొడిచింది. నానమ్మ కింద నుంచే, "చూస్తున్నారా, నిద్రపోతున్నారా ఇద్దరూ?" అని అరిచింది.

జనవరి 17

ఛాయాచిత్రం మళ్ళీ చూశాను. తేడా ఉంది. ఎడమ మూల.

జనవరి 20

నాణెం!

రెండు మీటర్ల పది. పది మిల్లీముల బిళ్ళ, మసకబారింది. తాత చెప్పినచోటే, ఉత్తరపు గోడకి మూరెడు దూరంలో. ఖిదర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. "తల్బా తాత చెయ్యి ఇది," అన్నాడు కూలీలతో. "ఈ ప్రాంతంలో ఎవడైనా మనల్ని పనికి పిలిచాడంటే ఈ చేతిని చూసి పిలిచినట్టే." పన్నెండుమందిలో తొమ్మిదిమంది మా వంశంవాళ్ళే.

నేను నోటుబుక్కులో రాసుకున్నాను: నాణెం, 1967, పాత తవ్వకపు అడుగు.

జనవరి 21

నిధి సంఘం నుంచి ఉత్తరం. మర్యాదగానే ఉంది.

"మీరు పేర్కొన్న ఛాయాచిత్రం మా దగ్గర ఉంది. అది నలుపు తెలుపు చిత్రం. అందులో ఇసుక రంగు తేడా మీరెలా గుర్తించారో మీ నివేదికలో వివరించగలరు. రెండో విడత నిర్ణయం దాని తర్వాతే."

నలుపు తెలుపు. నేను మూడు నెలలుగా ఆ బొమ్మని చూస్తున్నాను. అది నలుపు తెలుపు అని నాకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాను.

డాక్టర్ ఇన్సాఫ్‌కి కూడా ఒక నకలు వెళ్ళింది. మధ్యాహ్నం ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ తింటుంటే పక్కన కూర్చున్నారు. "నలుపు తెలుపు బొమ్మలో పసుపు చూసిన మొదటి పురావస్తు విద్యార్థినివి నువ్వే," అన్నారు. అంతే. రొట్టె తుంచి, తినేసి, లేచిపోయారు.

జనవరి 22, శుక్రవారం

తాతకి చెప్పలేదు. పిట్టల్ని తోలాను.

జనవరి 24

నివేదిక మూడు రకాలుగా రాశాను.

ఒకటి: "నీడల్లో తేడాని రంగు తేడాగా పొరబడ్డాను." ఇది తెలివైనది. నమ్ముతారు.

రెండు: "ఒక పాత కూలీ జ్ఞాపకం ఆధారంగా." అలార్డ్ పుస్తకంలో కూడా ఇలాగే ఉంటుంది. ఒక కూలీ చూశాడు, ఒక కూలీ చెప్పాడు. నాలుగు వందల పేజీల్లో మా ఊరివాడి పేరు ఒక్కటి లేదు.

మూడోది రాసి చింపేశాను.

జనవరి 25

ఖిదర్‌తో మామూలుగా అన్నట్టు అడిగాను. "పాతకాలం రయ్యిస్‌లు పొరపాటు పడేవాళ్ళా?"

"పొరపాటు పడొచ్చు. అది బయటపడకూడదు. పడిందో, వచ్చే యేడు నా పిల్లలకి ఫూల్ నువ్వు వండి పెట్టాలి."

నవ్వుతూనే అన్నాడు.

జనవరి 26

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

నాణెం దొరికిన చోటుకి ఎదురుమూల, అదే లోతులో, ఒక మందుసీసా దొరికింది. మూతికి మైనం. లోపల కాగితం. డాక్టర్ ఇన్సాఫ్ గుడారంలోకి తీసుకెళ్ళి మైనం గీకి, పట్టకారుతో తీశారు. ఇంగ్లీషులో చేతిరాత. ఒక్క చోట మాత్రం అరబీ అక్షరాలు, బడిపిల్లాడు పలక మీద దిద్దినట్టు పెద్దగా, వంకరగా.

అది మా తాత పేరు.

ఆవిడ చదివి నా వైపు చూశారు. కాగితాన్ని తన డబ్బాలో భద్రం చేసి, ఫోటో తీసిన నకలు నా చేతిలో పెట్టారు. "ఇది ఎవరికి చేరాలో వాళ్ళకి చదివి వినిపించు. నీ నివేదిక గురించి ఆ తర్వాత మాట్లాడదాం." కాస్త ఆగి, "నీ మొదటి అబద్ధం క్షమిస్తాను బదరియ్యా. రెండోదైతే నా దగ్గర ఉండవు," అన్నారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలి అసర్ నమాజు అయింది. తాత అరుగు మీద ఉన్నాడు. సీసా సంగతి ఖిదర్ ఫోన్‌లో అప్పటికే చెప్పేశాడు. తాత తన ఇత్తడి ముద్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, పేరు చెక్కిన ముద్ర, జీతం తీసుకునేటప్పుడు వేలిముద్రకి బదులు వేసేవాడే, అది. నకలు తీసుకుని, ముద్రని కాగితం పక్కన పెట్టి, ఒక్కొక్క వంపూ వేలితో పోల్చుకున్నాడు.

"ఇది నేనే," అన్నాడు. "చదువు. ఏమంటాడు నా గురించి?"

మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఆయన ముందు ఆ కాగితంలో ఏమున్నా, నేనేం చెబితే అదే ఉంది. అది నాకు ఆ క్షణంలోనే తట్టింది. లేదు, దారిలోనే తట్టింది. బస్సులోనే వాక్యాలు కట్టుకున్నాను.

చదివాను: "రయ్యిస్ తల్బా ఇది కన్నెనేల అన్నాడు. కాదని నాకు తెలుసు. అతని భార్య ప్రసవవేదన పడుతోంది. అతన్ని ఇంటికి వెళ్ళనిచ్చాను. అతని స్థానంలో నేనున్నా అలాగే చేసేవాణ్ణి."

తాత ముద్రని కండువా కొంగుతో తుడిచాడు.

"చాలా బాగుంది," అన్నాడు. "ఇప్పుడు అతను రాసింది చదువు."

"అదే కదా చదివింది!"

"నొప్పుల సంగతి అలార్డ్‌కి తెలీదు. కబురు తెచ్చినవాడు నా చెవిలో చెప్పాడు. నేనెవరికీ చెప్పలా. మగాడు పనిచోట పెళ్ళాం పురుడు మాట ఎత్తేవాడా ఆ రోజుల్లో? నువ్వు చదివింది నీ సొంతం తల్లీ. అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలీదనుకున్నావా? నలభై మూడేళ్ళుగా ఒకటి పెంచుతున్నా."

కాగితం మళ్ళీ పైకెత్తాను. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చదివాను.

"1967 మార్చి 16. నాలుగో గుంట ఇక్కడ ముగిసింది. నేనైతే ఇంకొక రోజు తవ్వేవాణ్ణి. ఇది కన్నెనేల అని రయ్యిస్ తల్బా అన్నాడు. ఈ నేల విషయంలో నా కంటి కన్నా అతని కన్ను మేలు. పుస్తకంలో తవ్వేవాళ్ళ పేర్లు వేసే ఆనవాయితీ లేదు, అందుకని ఇక్కడ వేస్తున్నాను. దీన్ని తెరిచినవారెవరైనా, అతని పేరు తెలుసుకోండి."

తాత కాగితం వైపు చూడలేదు. వీధి వైపు చూశాడు. ఎవరిదో గాడిద వెళ్ళింది, చెరకు మోపుతో. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"నమ్మాడన్నమాట," అన్నాడు.

గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచో తెలియదు.

"ఏ పురుడు? ఎవరి నొప్పులు?" అంది. తాత చెప్పాడు, నాలుగు ముక్కల్లో. నానమ్మ చేతులు నడుం మీద పెట్టుకుంది. "నాకోసం గుంట మూసేశావా? మరి ఆ రోజు వచ్చి, గుమ్మంలో కూలబడి, 'టీ ఉందా?' అని అడిగావేం? మూడు రోజులు చచ్చి బతికినదాన్ని నేను! నలభై మూడేళ్ళుగా ఆ టీ మాటకి నిన్ను తిడుతున్నాను. ఒక్కసారైనా చెప్పొచ్చుగా, ముసలోడా!"

"అప్పుడు గొంతెండిపోయింది," అన్నాడు తాత.

నానమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. మూడు చెంచాల పంచదార వేసింది. డాక్టరు ఒక్కటే అన్నాడు.

టీ తాగుతుండగా ఉత్తరం సంగతి చెప్పాను. నలుపు తెలుపు బొమ్మ సంగతి కూడా. తాత పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"రాసెయ్," అన్నాడు. "ఉన్నదున్నట్టు."

"నీ పేరు పోతుంది తాతా. ఖిదర్ వాళ్ళ పని కూడా..."

"ఎక్కడుందే నా పేరు, పోవడానికి? ఇంతకాలం సీసాలో ఉంది. రాయి. 'ఒక కూలీ' అని రాశావో, కాలు విరగ్గొడతా. తల్బా హిఫ్నీ అబుల్ వఫా. తండ్రి పేరూ, తాత పేరూ, అన్నీ. అబద్ధమాడినవాడికైనా పూర్తి పేరుండాలి. నీ అబద్ధం పక్కనే నాది పెట్టు. నాకూ తోడుంటుంది."

"ఖిదర్‌కి?"

"వాడికి నేను చెబుతా. రేపు మీ నాన్నని బస్సు తెమ్మను."

జనవరి 27

తాతని చక్రాల కుర్చీలో కూర్చోమంటే తిట్టాడు. ఖిదర్ నీలం ప్లాస్టిక్ కుర్చీ వేశాడు, గుంట అంచున. పన్నెండుమందీ నిలబడ్డారు. నాన్న బస్సు ఆపి, వెళ్ళిపోకుండా అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తాత అంతా చెప్పాడు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. చివర్న, "ఇది నా తప్పు. ఇందులో నా ఇంటివాళ్ళ తప్పు లేదు. ఈ పిల్ల రాస్తుంది, నేను రాయమన్నాను," అన్నాడు.

నేను ఖిదర్ మొహం వైపు చూడలేకపోయాను. నాన్న మాత్రం నేల వైపు చూస్తూ, "నా వల్లేనా?" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"నీకు అప్పటినుంచీ తొందరే," అన్నాడు తాత.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఖిదర్ తలపాగా సర్దుకున్నాడు. బాగా ఆలోచించి మాట్లాడేటప్పుడు అలా చేస్తాడు.

"తెరిచిన గుంట వదిలి రయ్యిస్ పోడంటారు," అన్నాడు. "పోలేదుగా! తిరిగొచ్చాడు. మధ్యలో టీ తాగడానికి ఇంటికెళ్ళాడనుకోండి."

గుంట గోడలు అదిరేలా నవ్వారు. తర్వాత ఇద్దరు తాతని చంకల కింద పట్టుకుని లోపలికి దింపారు. గుద్దలి అడిగాడు. వెనక్కి తిప్పి, ఇసుక మీద ఒక్కసారి, మెల్లగా కొట్టాడు. తల వంచాడు.

"ఇక్కడ," అన్నాడు.

నాకేం వినపడలేదు. నన్ను దగ్గరికి లాగి, నా చెయ్యి గుద్దలి కర్ర మీద పెట్టి మళ్ళీ కొట్టాడు. వినపడలేదు. కానీ చేతికి తెలిసింది.

జనవరి 28

నివేదిక పంపాను. చింపేసిన మూడోదే, మళ్ళీ రాసి. రెండు అబద్ధాలూ ఉన్నాయి, ఇద్దరి పూర్తి పేర్లూ ఉన్నాయి. డాక్టర్ ఇన్సాఫ్ చదివి, ఒక్క కామా దిద్ది, సంతకం పెట్టారు.

"రెండో విడత రాకపోవచ్చు," అన్నారు.

"తెలుసు."

"తాడు పట్టుకో. కొలతలున్నాయి."

ఫిబ్రవరి 1

రాలేదు.

ఫిబ్రవరి 4

జానెడు ఇసుక తీసేశాం. కింద బూడిద, నల్లగా, చేతి మందాన. బూడిదలో గుండ్రటి మట్టిపళ్ళేలు, ఆరు, వరసగా. ఒకటి అంచు విరిగింది. తాపీతో వాటి చుట్టూ మట్టి గీకాను. దిబ్బ పైపొరల కన్నా ఇవి కొన్ని వందల యేళ్ళు పాతవి అంటున్నారు డాక్టర్ ఇన్సాఫ్. ఆవిడ నవ్వారు. పళ్ళు కనిపించేలా.

సాయంత్రం ఫోటో నానమ్మకి చూపించాను.

"ఇవి నావే కదా, మేడ మీదవి?"

"కాదు. గుంటలోవి."

దగ్గరగా పెట్టుకుని చూసింది. "అంచు విరిగినదాన్ని చివర్న పెట్టింది చూడు," అంది. "నేనూ అలాగే పెడతా. దాని మీద ముద్ద కాస్త చిన్నది చెయ్యాలి." అది రాసుకోమంది. రాసుకున్నాను. నిధి వాళ్ళకి పంపేదాంట్లో నానమ్మ పూర్తి పేరు కూడా పెడతాను.

ఫిబ్రవరి 9

రాలేదు. పళ్ళేల బొమ్మలు గీస్తున్నాను. నాలుగు అయ్యాయి.

ఫిబ్రవరి 16

వచ్చింది.

సంఘంలో ఇద్దరు వద్దన్నారట. ముగ్గురు సరే అన్నారట. దరఖాస్తులో ఆ వాక్యం కొట్టేసి, నిజం రాసి, మళ్ళీ సంతకం చేసి పంపాలి. అది అందాక రెండో విడత. వద్దన్న ఇద్దరి మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో నేనున్నా, ఏమో.

అడుగున చేతిరాతతో నాలుగు వాక్యాలు, అలార్డ్ కూతురివి. తండ్రి ముసలితనంలో ఒక మేస్త్రీ గురించి తరచు చెప్పేవాడట, నేలని చెవితో చదివేవాడని. పేరు మాత్రం ఆవిడకి గుర్తు లేదట. వచ్చే సంవత్సరం నుంచి నిధి పేరులో తండ్రి పేరు పక్కన ఆ పేరు కూడా చేరిస్తే మా ఇంటివాళ్ళకి అభ్యంతరమా అని అడిగింది. తప్పు లేకుండా ఉండాలి, దయచేసి అతని అక్షరాల్లోనే పంపమంది.

తాతకి చదివి వినిపించాను. ఉన్నది ఉన్నట్టు.

"మళ్ళీ చదువు," అన్నాడు.

చదివాను.

"నీ సొంతం కాదుగా?"

"ఒట్టు."

లేచి వెళ్ళి ముద్ర తెచ్చుకున్నాడు. జీతాలు చేతికివ్వడం మానేసినప్పటినుంచీ దాన్ని దేనిమీదా వెయ్యలేదు. సిరా మెత్త ఎండిపోతే నానమ్మ నీళ్ళు చల్లింది. మంచి కాగితం పాడు చెయ్యకూడదని, ముందు ఎక్కడైనా వేసి చూస్తానన్నాడు. నా చేతిలో ఈ డైరీ ఉంది. తెరిచి పట్టుకున్నాను.

కింద అలుక్కుపోయినట్టున్నది అదే. మంచి కాగితం మీద వేసిన రెండోది బాగా పడింది. దాన్ని పంపుతున్నాను.